సముద్రం పక్కన మంచినీళ్ల లెక్క

సూర్యలంక బీచికి మంచిరోజులొచ్చాయంటున్నారు. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరాన్ని తీర్చిదిద్దడానికి 2025లో కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద సుమారు 97 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. కానీ ఇలాంటి వార్త చదివినప్పుడల్లా నా కళ్లు రెండు లెక్కల కోసం వెతుకుతాయి. మంచినీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? వాడిన నీళ్లు ఎక్కడికి పంపిస్తారు?

కార్తీక పౌర్ణమినాడు సూర్యలంకలో వేలమంది సముద్రస్నానం చేస్తారు. ఒడ్డుకొచ్చేసరికి ఒంటినిండా ఇసుక, ఉప్పు. ఒంటిమీద పోసుకోవడానికి మంచినీళ్లు, తడిచీర మార్చుకోవడానికి చాటు, శుభ్రమైన మరుగుదొడ్డి... ఈ మూడూ ఉండి తీరాలి. మగవాళ్లు ఎలాగోలా సర్దుకుపోతారు. మరుగుదొడ్డి ఎలా ఉంటుందోనన్న భయంతో పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లయినా తాగకుండా బీచికి వెళ్లే ఆడవాళ్లు ఎందరో. నేనూ వాళ్లలో ఒకదాన్నే.

చిన్న లెక్క వేద్దాం. మనిషికి అన్నీ కలిపి 25 లీటర్లు చాలనుకుందాం. వెయ్యిమంది వస్తే 25 వేల లీటర్లు. పండుగనాడు 10 వేలమంది వస్తే రెండున్నర లక్షల లీటర్లు. అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 25 కావాలి! మామూలు రోజుకు సరిపడా కట్టి, పండుగనాడు చేతులెత్తేస్తే ఏం లాభం?

బోరు వేస్తే సరిపోదా అంటారేమో. తీరంలో ఇసుక కింద దొరికే తీపినీళ్లు వానకు ఇంకినవి. బరువైన ఉప్పునీటి మీద అవి తేలుతూ ఉంటాయి. ఆ తీపినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా తీపినీళ్లుంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. మోటార్లు పెట్టి ఆ ఒక్క అడుగూ లాగేశామా, కిందనున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అందుకే 1991 నాటి తొలి కోస్తా నియంత్రణ ఉత్తర్వులోనే, పోటునీరు చేరే హద్దు నుంచి 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడటాన్ని నిషేధించారు. బీచిలో షవర్ల కోసం తోడితే ఉప్పెక్కేది పక్కనున్న మత్స్యకార పల్లెల చేతిపంపులు. అప్పుడు బిందె పట్టుకుని ఇంకో మైలు నడవాల్సింది ఎవరో వేరే చెప్పాలా?

ఇక వాడిన నీళ్ల సంగతి. ఇసుకలో గుంత తవ్వి వదిలేయడం చవకే. కానీ ఇసుకలో నీరు ఇట్టే దిగిపోతుంది. నీటిమట్టం పైపైనే ఉన్నచోట మురుగు వడకట్టుకునే వ్యవధి లేకుండా తీపినీటిలో కలిసిపోతుంది. వానాకాలం వస్తే గుంతే పొంగుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే కదా! కరెంటు లేని అలాంటి రోజుల్ని కూడా తట్టుకునేలా ఏర్పాట్లుండాలి.

నా ఉద్దేశంలో దారి కష్టమేమీ కాదు. నీళ్లు పట్టణం వైపు నుంచి గొట్టాల ద్వారా తేవాలి. నొక్కితేనే నీళ్లొచ్చే కొళాయిలు పెట్టాలి. స్నానాల నీటిని, మరుగుదొడ్ల మురుగును వేరుచేయాలి. మురుగును కారని తొట్లలో పట్టి, బండ్లలో శుద్ధి కేంద్రానికి తరలించాలి. పండుగలకు అదనంగా కదిలే మరుగుదొడ్లు తెప్పించాలి. నిబంధనలు ఒప్పుకోవన్న సాకు చెల్లదు. పోటు హద్దుకు 10 మీటర్లు వదిలి తాత్కాలికంగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి వసతి ఏర్పాటు చేసుకోవచ్చని 2019 నాటి కోస్తా ఉత్తర్వు చెబుతోంది.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. విశాఖలోని రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని అది తాత్కాలికంగా పోయింది. లోపాలు దిద్దుకున్నాక తిరిగి దక్కింది. నగరాన్ని ఆనుకుని ఉన్న బీచి పరిస్థితే అలా ఉంటే, మూలనున్న తీరాన్ని రోజూ కడిగేదెవరు? వాళ్లకు నెలనెలా జీతమిచ్చేదెవరు?

ఈ ప్రశ్నలు ఇప్పుడే అడగాలి. కార్తీక పౌర్ణమినాటికి ఎన్ని లీటర్లు, ఎక్కడి నుంచి, ఎక్కడికి? ఈ జవాబు కాగితం మీద కనిపించాకే రంగురంగుల గొడుగులు, దీపాలు. ఏమంటారు?