ఎడారికి అడ్డంగా... ఓ ముసలి కొండ!

రాష్ట్రపతి భవన్ ఎక్కడుంది? ఢిల్లీలో అని చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. ఆరావళి పర్వతాల మీద ఉందన్నా ఒప్పే! ఆ భవనానికి పునాది వేసిన రైసీనా గుట్ట, ఆరావళి శ్రేణికి ఉత్తరాన ఉన్న చిట్టచివరి కొసల్లో ఒకటి. అక్కణ్నుంచి హర్యానా మీదుగా వెళ్లి, రాజస్థాన్‌ని ఏటవాలుగా రెండు ముక్కలు చేసి, గుజరాత్‌లోని పాలన్‌పూర్ దాకా దాదాపు 670 కిలోమీటర్లు సాగుతుందీ కొండల వరుస. దానికి పడమట మార్వాడ్... ఇసుక, ఒంటెలు, తుమ్మచెట్లు. తూర్పున మేవాడ్... చెరువులు, పొలాలు, అడవులు. మన బేగంబజార్‌లో తరాలుగా వ్యాపారం చేస్తున్న మార్వాడీల పూర్వికులది ఆ ఎండిన వైపు.

ఆరావళి అంటే శిఖరాల వరుస అని అర్థం చెబుతారు. స్థానికులు మాత్రం 'ఆడావళా' అంటారట. అంటే అడ్డంగా ఉన్నది అని. అచ్చం మన 'అడ్డం'లాగే వినిపిస్తుంది కదూ!

తాతలకు తాత
హిమాలయాలు పుట్టి అయిదు కోట్ల ఏళ్లు. వినడానికి ఎంతో అనిపిస్తుంది కానీ ఆరావళి ముందు వాళ్లింకా పాలుతాగే పిల్లలే. ఇక్కడి రాళ్లు చాలావరకు 150 కోట్ల ఏళ్లకు పైబడినవి. ప్రపంచంలోని అతి పాత ముడుత పర్వతాల్లో ఇదొకటి. ఇంతకాలం ఎండకీ వానకీ గాలికీ అరిగి అరిగి ఇప్పుడిలా మిగిలింది. మొత్తం శ్రేణిలో ఎత్తయినది మౌంట్ అబూలోని గురుశిఖర్... 1,722 మీటర్లు. బ్రహ్మకుమారీల ఆశ్రమానికనో దిల్వారా ఆలయాలకనో మనవాళ్లు ఏటా వెళ్లే కొండే అది. అజ్మీర్ దాటి ఉత్తరానికి వెళ్లేకొద్దీ మాత్రం వరుస తెగిపోతుంది. ఇక్కడో గుట్ట, అక్కడో గుట్ట. మధ్యలో ఖాళీలు. ఈ ఖాళీల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరకే రావాలి.

ఎడారికి కారణమూ తనే
ఓ చిత్రం చెప్పాలి. థార్ ఎడారి తూర్పుకి రాకుండా ఆపేది ఆరావళి అని పాఠాల్లో చదువుకుంటాం. అసలు అక్కడ వాన పడకపోవడంలోనూ ఈ కొండలకు వాటా ఉంది. అరేబియా సముద్రం మీదుగా నైరుతి గాలులు వచ్చే దారికి పడమటి కనుమలు అడ్డంగా నిలబడ్డాయి. మబ్బులు వాటికి తగిలి కురుస్తాయి. ఆరావళి అలా కాదు, నైరుతి నుంచి ఈశాన్యానికి... గాలి వీచే దిక్కుకే సమాంతరంగా పడుకుని ఉంది. మబ్బులు పక్కనుంచి జారుకుంటాయి. ఇక బంగాళాఖాతం నుంచి వచ్చే గాలులు ఇక్కడికి చేరేసరికే తడి చాలావరకు అయిపోతుంది. మిగిలిన ఆ కాస్తా తూర్పువైపునే కురుస్తుంది. అందుకే మౌంట్ అబూ మీద ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంటే, జైసల్మేర్‌లో సగటు 200 మిల్లీమీటర్లయినా దాటదు.

పడిన ఆ కాస్త నీటినీ ఈ కొండలు రెండు సముద్రాలకు పంచుతాయి. ఉదయ్‌పూర్ వైపు కొండల్లో పుట్టిన సబర్మతి గుజరాత్ మీదుగా అరేబియా సముద్రానికి. కుంభల్‌గఢ్ దగ్గర పుట్టిన బనాస్ చంబల్‌లో కలిసి, యమున, గంగల మీదుగా బంగాళాఖాతానికి. లూనీ నది కథ వేరు. అజ్మీర్ దగ్గర తియ్యటి నీళ్లతో బయల్దేరి, ఎడారిలో బాలోత్రా దాటాక ఉప్పగా మారి, ఏ సముద్రాన్నీ చేరకుండానే కచ్ రణ్‌లో ఇంకిపోతుంది.

వంకాయ కుండల్లో జింకు
ఆరావళి అనగానే రాణా ప్రతాప్ గుర్తొస్తాడు. సరే, ఆయన దగ్గరికీ వెళ్దాం. ముందు జావర్ గురించి చెప్పాలి. ఎందుకో మన చరిత్ర పుస్తకాలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

రాగికి జింకు కలిస్తే ఇత్తడి. మన ఇళ్లలోని బిందెలూ చెంబులూ అవే. రాగిని కరిగించడం తేలికే. జింకుతోనే పేచీ. 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ముడిఖనిజం నుంచి అది వేరుపడేదే అంతకంటే ఎక్కువ వేడిలో. అంటే లోహం చేతికి రాదు, పొగలా పోతుంది! ఉదయ్‌పూర్‌కి దక్షిణాన ఉన్న జావర్‌లోని పనివాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. వంకాయ ఆకారంలో మట్టి కుండలు చేసి, ఖనిజం దట్టించి, మూతికి మట్టిగొట్టం అతికించి తలకిందులుగా నిలబెట్టారు. లోపలి సరుకు జారిపోకుండా మూతిలో ఓ పుల్ల గుచ్చేవారు. మంట పెట్టగానే అది కాలిపోయి, ఆవిరికి దారి ఏర్పడేది. పైన మంట, కింద చల్లటి అర. ఆవిరి కిందికి దిగి చల్లబడి జింకుగా కారేది. ఒక్కో కొలిమిలో 36 కుండలు.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో విలియం చాంపియన్ జింకు తయారీకి పేటెంటు తీసుకున్నది 1738లో. అప్పటికి జావర్‌లో కొన్ని వందల ఏళ్లుగా పెద్ద ఎత్తున పని నడుస్తోంది. వాడి పారేసిన ఆ కుండలు ఎన్నంటే... ఊళ్లో వాటితోనే గోడలు కట్టుకున్నారు. ఇప్పటికీ కనిపిస్తాయి.

ఉత్తరాన ఖేత్రీ కొండల్లో రాగి. దాని దాపునే ఉన్న గణేశ్వర్‌లో తవ్వితే వెయ్యికి పైగా రాగి వస్తువులు దొరికాయి, అవీ హరప్పా కాలం నాటివి. ఇక తాజ్‌మహల్‌కి వెళ్లిన పాలరాయి మక్రానాది. మన పూజగదుల్లో పరిచే తెల్లటి రాతిలోనూ చాలావరకు ఈ చుట్టుపక్కల గనుల నుంచి లారీలెక్కి వచ్చినదే.

పసుపు రంగు కనుమ
1576 జూన్ 18. హల్దీఘాటీ. అక్కడి మట్టి పసుపులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అక్బర్ సేనకు నాయకుడు అంబర్ రాజు మాన్‌సింగ్. ఆయన కోట ఉన్నదీ ఆరావళి మీదే. ఇటు ప్రతాప్ పక్షాన భిల్లుల విలుకాళ్లు, హకీంఖాన్ సూర్ నాయకత్వంలో ఆఫ్ఘన్లూ ఉన్నారు. యుద్ధం కొన్ని గంటల్లోనే ముగిసింది, ప్రతాప్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఆయన్ని కాపాడింది మాత్రం కొండలే. మైదానాలు మొఘలుల చేతికి పోయినా లోయలూ అడవిదారులూ భిల్లుల చేతిలో ఉన్నాయి. మేవాడ్ రాజచిహ్నంలో రాజపుత్రుడి పక్కన విల్లు పట్టిన భిల్లు కనిపించేది అందుకే. ప్రతాప్ పుట్టిన కుంభల్‌గఢ్ కోటగోడ చుట్టుకొలత 36 కిలోమీటర్లని అంటారు. యునెస్కో 2013లో ఈ కోటని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

హనుమంతుడు ఎత్తుకెళ్లాడా?
2018 అక్టోబరులో సుప్రీంకోర్టులో ఓ లెక్క బయటికొచ్చింది. రాజస్థాన్‌లో పరిశీలించిన 128 ఆరావళి కొండల్లో 31 కనిపించడం లేదు! సంజీవని కోసం కొండనెత్తుకెళ్లిన హనుమంతుడిలా జనం కొండలు పట్టుకుపోతున్నారా అని న్యాయమూర్తి మదన్ లోకూర్ అడిగారు. పోయింది సంజీవని కోసం కాదు... కంకర కోసం. ఢిల్లీ, గురుగ్రామ్, జైపూర్‌లలో లేచిన భవనాల్లో ఈ కొండలున్నాయి. రాయి కొట్టిన కూలీల ఊపిరితిత్తుల్లోకీ ఈ రాతిపొడే వెళ్లింది. సిలికోసిస్ అనే ఆ జబ్బుకి మందు లేదు. రాజస్థాన్ ప్రభుత్వం దానికోసమే 2019లో ప్రత్యేకంగా ఓ విధానం తేవాల్సి వచ్చింది.

కొండ కరిగిన చోట ఖాళీ. ఉత్తరాన సహజంగానే ఉన్న ఖాళీలకు ఇవీ తోడయితే? ఎండాకాలంలో థార్ నుంచి లేచే దుమ్ము నేరుగా జైపూర్, ఢిల్లీల వైపు దారి చేసుకుంటుంది. అంతేకాదు, పగుళ్లున్న ఈ రాళ్లే వాన నీటిని భూమిలోకి దించుతాయి. కొండ పోతే కింద బావి కూడా ఎండుతుంది.

ఇంతకీ ఏది కొండ? 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఓ నిర్వచనానికి ఒప్పుకుంది. చుట్టూ ఉన్న నేల కంటే 100 మీటర్లు, ఆపైన ఎత్తుంటేనే ఆరావళి కొండ. అంటే ముప్పై అంతస్తుల భవనమంత! రాజస్థాన్‌లో 20 మీటర్లు, ఆపైన ఎత్తున్న 12,081 కొండల్లో ఈ పరీక్ష నెగ్గేవి 1,048 మాత్రమేనని అటవీ సర్వే సంస్థ లెక్కను పత్రికలు బయటపెట్టాయి. తొంభై శాతానికి పైగా ప్రాంతానికి రక్షణ ఉంటుందని కేంద్రం చెప్పినా జనం నమ్మలేదు. ఉదయ్‌పూర్, గురుగ్రామ్‌లలో రోడ్డెక్కారు. చివరికి డిసెంబరు 29న కోర్టే తన ఉత్తర్వును నిలిపేసి, కొత్తగా నిపుణుల సంఘం వేయాలని ప్రతిపాదించింది. ఇసుకని ఆపడానికి కొండ ఆకాశాన్ని అంటక్కర్లేదు. పొదలతో నిండిన ఇరవై మీటర్ల గుట్టయినా ఆ పని కొంత చేస్తుంది. ఈ చిన్న సంగతి ఆ కొలబద్దలో ఎక్కడా లేకపోవడమే ఆశ్చర్యం!

తవ్వి వదిలేసిన నేల మళ్లీ పచ్చబడుతుందా అంటే... గురుగ్రామ్‌లో ఓ గని ప్రాంతాన్ని 2010 నుంచి స్థానికులు ధౌ లాంటి సొంత జాతి చెట్లు నాటి అడవిగా మార్చారు. అల్వర్ జిల్లాలో 1985 నుంచి రాజేంద్రసింగ్ బృందం పల్లెవాళ్లతో కలిసి 'జోహడ్'లు... అంటే మట్టికట్టల చిన్న చెరువులు కట్టించింది. ఎండిన అర్వరీ నది పదేళ్లకు మళ్లీ పారింది. సొంత చెట్లు అని ఎందుకన్నానంటే, మన ఊళ్లలో సర్కారు తుమ్మ అంటామే, ఆ చెట్టు అక్కడా కొండలన్నీ ఆక్రమించేసింది. తన కింద వేరే మొక్కని బతకనివ్వదు.

వెళ్లాలనుకుంటే అక్టోబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి. ఉదయ్‌పూర్‌లో దిగితే జావర్, హల్దీఘాటీ, కుంభల్‌గఢ్ చూడొచ్చు. మార్వాడ్ జంక్షన్ నుంచి ఖామ్లీఘాట్‌కి 2023 అక్టోబరులో 'వ్యాలీ క్వీన్' అనే పర్యాటక రైలు మొదలుపెట్టారు. పాతకాలపు మీటర్‌గేజ్ లైను. పడమటి మైదానంలో బయల్దేరి, ఘాట్‌లో మలుపులు తిరుగుతూ, సొరంగాలు దాటి మేవాడ్ వైపు ఎక్కుతుంది. టికెట్ తీసుకునే ముందు ఏయే రోజుల్లో నడుస్తోందో కనుక్కోండి. కిటికీ పక్కన సీటు మాత్రం వదులుకోకండి.