జీతం ఒక్కటే.. ఊరు మారితే లెక్క మారె!

* సరకుల ధరల్లో స్వల్ప తేడా.. అద్దెల్లోనే అసలు భారం
* విశాఖ, విజయనగరాలకు ఒకే అద్దె భత్యం శ్లాబు
* ప్రైవేటు, పొరుగు సేవల సిబ్బందికి ఏ కొలమానమూ లేదు

విజయనగరం: కొలువు విశాఖలో దొరికిందంటే ఇంటిల్లిపాదికీ పండుగే. జీతం నాలుగైదు వేలు పెరుగుతుందన్న ఆశతో సామాను సర్దుకుని బయలుదేరుతారు. మూడు నెలలు తిరిగేసరికి చేతిలో మిగిలేది మునుపటికంటే తక్కువేనన్న సంగతి బోధపడుతుంది. కేవలం 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు నగరాల మధ్య ఒకే రూపాయి విలువ ఇంతగా మారిపోవడానికి కారణమేమిటన్నది మధ్య తరగతి కుటుంబాలను వేధిస్తున్న ప్రశ్న. విశాఖపట్నం, విజయవాడ, తిరుపతి వంటి నగరాలను మన జిల్లా కేంద్రంతో పోల్చి చూస్తే ఖర్చు ఎక్కడ పెరుగుతోందో, దాన్ని కొలిచే విధానంలో లోపం ఎక్కడుందో తేటతెల్లమవుతుంది.

వంటింట్లో తేడా కొద్దిపాటిదే

పెద్ద నగరమంటే అన్నీ ఖరీదేనన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. గృహ విద్యుత్తు చార్జీలను రాష్ట్ర విద్యుత్తు నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. మూడు పంపిణీ సంస్థల పరిధిలోనూ టారిఫ్ ఒక్కటే. వంట గ్యాస్ సిలిండరు ధరలో రవాణా దూరాన్ని బట్టి కొద్ది రూపాయల వ్యత్యాసమే ఉంటుంది. రేషన్ కార్డుదారులకు జాతీయ ఆహార భద్రత చట్టం కింద 2023 జనవరి నుంచి బియ్యం ఉచితంగానే అందుతున్నాయి.

కూరగాయల విషయంలో పెద్ద నగరానికే కొంత వెసులుబాటు ఉంది. 1999లో రాష్ట్రంలో రైతు బజార్లు ప్రారంభమయ్యాయి. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం వంటి చోట్ల అవి నిలదొక్కుకున్నాయి. బేరం ఎక్కువగా సాగేచోట ధర అదుపులో ఉంటుంది. మండల కేంద్రంలోని చిల్లర కొట్టులో కిలో కందిపప్పు కొనేవారు నగరవాసి కంటే ఎక్కువ చెల్లించే సందర్భాలూ లేకపోలేదు. కాబట్టి నగర జీవితం భారం కావడానికి వంటిల్లు ప్రధాన కారణం కాదు.

అద్దె దగ్గరే అసలు కథ

బియ్యాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి లారీలో తరలించవచ్చు. ఇంటిని తరలించలేం. అందుకే సరకుల ధరలు అన్నిచోట్లా దగ్గరగా ఉంటే, అద్దెలు మాత్రం ఊరికో తీరుగా ఉంటాయి. విశాఖకు ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల కొండలు. నగరం విస్తరించాలంటే మధురవాడ, పెందుర్తి, గాజువాక, ఆనందపురం దిశగా సాగాల్సిందే. ఒకప్పుడు చౌకగా ఇల్లు దొరుకుతుందని వెళ్లిన మధురవాడలోనే రుషికొండ ఐటీ సంస్థల రాకతో అద్దెలు పెరిగాయి. విజయనగరం కంటోన్మెంట్, తోటపాలెం ప్రాంతాల్లో రెండు పడక గదుల ఇంటికి ఇచ్చే అద్దెతో విశాఖ నడిబొడ్డున అలాంటి ఇల్లు దొరకదు.

విజయవాడది మరో చరిత్ర. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగింది. 2016లో ప్రభుత్వ కార్యాలయాలు హైదరాబాద్ నుంచి తరలివచ్చాయి. వాటితో పాటు వేలాది ఉద్యోగ కుటుంబాలు ఒక్కసారిగా ఇళ్లు వెతుక్కోవడంతో విజయవాడ, మంగళగిరి, గుంటూరులలో అద్దెలకు రెక్కలొచ్చాయి. ఉన్న ఇళ్ల సంఖ్య ఒక్క ఏడాదిలో పెరగదు, అడిగేవారి సంఖ్య మాత్రం ఒక్క ఉత్తర్వుతో పెరిగిపోతుంది.

తిరుపతిలో స్థానికులతో పాటు యాత్రికులు, విద్యార్థులు, రోగులు ఇళ్ల కోసం పోటీ పడతారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐఐటీ, ఐసర్ వంటి సంస్థలన్నీ ఆ ఒక్క నగరంలో, దాని చుట్టుపక్కల ఉన్నాయి. జనాభా లెక్కల్లో కనిపించని ఈ రద్దీ ఇంటి యజమాని చెప్పే అద్దెలో కనిపిస్తుంది.

కొలబద్ద జనాభా.. కొలవాల్సింది అద్దె

ఈ తేడాను ప్రభుత్వాలు గుర్తించలేదని కాదు. ఉద్యోగులకు ఇచ్చే ఇంటి అద్దె భత్యం ఉద్దేశమే అది. అయితే భత్యాన్ని నిర్ణయించేది ఊరి అద్దె కాదు, ఊరి జనాభా.

2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం వేతన సవరణ ఉత్తర్వుల్లో అద్దె భత్యాన్ని తగ్గించడంతో ఉద్యోగులు ఆందోళనకు దిగారు. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ జరిగింది. ఫిబ్రవరి 5న మంత్రుల కమిటీతో కుదిరిన ఒప్పందం మేరకు 50 వేలలోపు జనాభా ఉన్న ప్రాంతాలకు 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల వరకు 12 శాతం, 2 లక్షల నుంచి 50 లక్షల వరకు 16 శాతంగా భత్యం ఖరారైంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం విశాఖ జనాభా 17 లక్షల పైచిలుకు. విజయనగరం 2 లక్షలు దాటింది. రెండూ 16 శాతం శ్లాబులోకే వచ్చాయి. రూ.40 వేల మూల వేతనం ఉన్న ఉద్యోగికి రెండు చోట్లా రూ.6,400 భత్యమే అందుతుంది. 50 వేలు దాటిన బొబ్బిలిలో అదే ఉద్యోగికి రూ.4,800 వస్తుంది. అంటే బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య తేడా ఉందని ఒప్పుకున్న లెక్క, విజయనగరానికీ విశాఖకూ మధ్య తేడా లేదంటోంది.

కేంద్ర ప్రభుత్వ విధానం దీనికి భిన్నం. 5 లక్షల నుంచి 50 లక్షల జనాభా ఉన్న నగరాలను ‘వై’ తరగతిగా, అంతకు తక్కువైతే ‘జడ్’ తరగతిగా విభజించారు. రాష్ట్రంలో విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు ‘వై’ తరగతిలో ఉన్నాయి. 2024 జనవరి నుంచి ‘వై’ తరగతికి 20 శాతం, ‘జడ్’ తరగతికి 10 శాతం చొప్పున భత్యం అమలైంది. ఆ లెక్కన రూ.40 వేల మూల వేతనానికి విశాఖలో రూ.8 వేలు, విజయనగరంలో రూ.4 వేలు. అయితే ఇందులోనూ లోపం ఉంది. 2011లో 5 లక్షలు దాటని తిరుపతి ‘జడ్’ తరగతిలోనే ఉండిపోయింది. నిత్యం వేల మంది వచ్చిపోయే ఆ నగరానికీ, మారుమూల పల్లెకూ ఒకే శాతం వర్తించింది.

సూచీతో పోలిక కుదరదు

ధరల సూచీ చూస్తే ఏ నగరం ఖరీదైనదో తెలుస్తుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. కేంద్ర కార్మిక బ్యూరో 2016ను ఆధారంగా తీసుకుని దేశంలోని 88 కేంద్రాలకు పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని రూపొందించింది. విశాఖ, గుంటూరు ఆ జాబితాలో ఉన్నాయి. ప్రతి కేంద్రానికీ 2016 నాటి ధరలనే 100గా తీసుకుంటారు. అంటే ఆ ఊళ్లో ధరలు ఎంత పెరిగాయో సూచీ చెబుతుంది తప్ప, పక్క ఊరితో పోలిస్తే ఎంత ఎక్కువో చెప్పదు. మొదటి నుంచీ ఖరీదైన నగరంలో పెరుగుదల నెమ్మదిగా ఉంటే దాని సూచీ చౌక పట్టణం కంటే తక్కువగానే కనిపించవచ్చు.

అఖిల భారత స్థాయిలో ఈ సూచీలో ఆహారానికి 39.17 శాతం, ఇంటికి 16.87 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. జీతంలో మూడో వంతుకు పైగా అద్దెకే పోసే నగర కుటుంబం ఆ సగటులో ఇమడదు. కరవు భత్యం అఖిల భారత సూచీ ఆధారంగానే నిర్ణయమవుతుంది కనుక అది అన్ని ఊళ్లకూ ఒకటే.

ఏ శ్లాబూ లేనివారి గతేమిటి?

ప్రభుత్వ ఉద్యోగికి లోపభూయిష్టమైనదైనా ఒక శ్లాబు ఉంది. దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో, పొరుగు సేవల ఏజెన్సీల కింద పనిచేసేవారికి అదీ లేదు. ఇంటి అద్దెను లెక్కగట్టి జీతం నిర్ణయించే యజమానులు అరుదు.

ఉదాహరణకు విజయనగరంలో రూ.18 వేల జీతం అందుకుంటూ రూ.5 వేల అద్దె చెల్లించే కుటుంబానికి రూ.13 వేలు మిగులుతాయనుకుందాం. విశాఖలో రూ.22 వేల జీతం వచ్చినా, అద్దె రూ.9 వేలు, నగరంలో రాకపోకలకు రూ.1,500 పోతే మిగిలేది రూ.11,500. జీతం రూ.4 వేలు పెరిగింది, చేతిలో మిగిలేది రూ.1,500 తగ్గింది. పై అంకెలను ఎవరి ఇంటి లెక్కకు తగ్గట్టు వారు మార్చి చూసుకోవచ్చు.

సంక్షేమ పథకాలదీ ఇదే తీరు. 2024 జులై నుంచి రూ.4 వేలకు పెరిగిన వృద్ధాప్య పింఛను మెంటాడలోని సొంతింట్లో ఉండే అవ్వకూ, గాజువాకలో ఒంటి గదికి అద్దె కట్టే అవ్వకూ ఒకటే. ఆ సొమ్ము మెంటాడలో నెల గ్రాసానికి ఆసరా అయితే, గాజువాకలో అద్దెకే సరిపోతుంది.

రైలెక్కితే మిగులు.. కాలం ఖర్చు

ఈ లెక్క తెలిసినవారు ఇల్లు మార్చకుండా రోజూ ప్రయాణాన్నే ఎంచుకుంటున్నారు. సీజన్ టికెట్‌తో విజయనగరం, కొత్తవలసల నుంచి విశాఖకు వెళ్లివచ్చేవారు అనేకులు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన ‘స్త్రీశక్తి’ పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ వంటి బస్సుల్లో మహిళలకు ఆర్టీసీ చార్జీ లేకుండా పోయింది. నగరంలో కొలువు చేస్తూ పట్టణంలో కాపురముండే మహిళలకు ఇది జీతం పెరిగినట్టే.

అయితే ప్రయాణానికి మరో వెల ఉంది. రాకపోకలకు రోజుకు 3 గంటలు పట్టినా, 25 పని దినాలకు 75 గంటలు దారిలోనే గడుస్తాయి. ఇంట్లో చిన్న పిల్లలో, మంచం పట్టిన పెద్దలో ఉంటే ఆ గంటల విలువ అద్దె కంటే ఎక్కువే. రైలు దిగాక గాజువాక, పరవాడ వైపు వెళ్లేవారికి ప్రయాణం అక్కడితో ముగియదు కూడా.

చిన్న పట్టణంలో కనిపించని ఖర్చులు

చౌక అద్దెలున్న పట్టణం అన్నివిధాలా చౌక అనుకోవడమూ సరికాదు. పెద్ద జబ్బు చేస్తే విశాఖ కేజీహెచ్‌కు పరుగులు తీయాల్సిందే. ఒక్క పరీక్షకు రోగితో పాటు తోడు వెళ్లే మనిషి కూలి, దారి ఖర్చు, భోజనం కలిపితే నెల అద్దెలో ఆదా చేసింది రెండు పర్యాయాలకే కరిగిపోతుంది. 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడం ఈ దిశగా ఊరట. పిల్లలను విజయవాడ, విశాఖ కళాశాలల వసతి గృహాల్లో ఉంచి చదివించే తల్లిదండ్రులు పట్టణంలో కాపురముంటూనే నగర జీవన వ్యయాన్ని భరిస్తున్నారు.

అద్దెల లెక్క తీయాలి

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. ఆ లెక్కలు వచ్చాక కొన్ని ఊళ్లు పై శ్లాబుల్లోకి మారవచ్చు. అయినా మూల సమస్య తీరదు. గృహ గణనలో ఇల్లు సొంతమా, అద్దెదా అని అడుగుతారు గానీ అద్దె ఎంతని అడగరు.

2019 అక్టోబరు 2 నుంచి పట్టణాల్లో వార్డు సచివాలయాలు ఏర్పడ్డాయి. ఇంటింటి సమాచారం సేకరించే యంత్రాంగం వాటి ద్వారా సమకూరింది. ఏడాదికి ఒకసారి వార్డుల వారీగా సగటు అద్దెలను నమోదు చేసి ప్రకటించడం వాటికి అసాధ్యం కాదు. అద్దె భత్యం శ్లాబులకూ, కనీస వేతనాల నిర్ణయానికీ, పొరుగు సేవల సిబ్బంది జీతాలకూ ఆ వివరాలు ఆధారం కాగలవు. కొలువు కోసం ఊరు మారే కుటుంబానికీ ముందుగా ఒక అంచనా దొరుకుతుంది.

అంతవరకు ఎవరి లెక్క వారు వేసుకోవడం మినహా మార్గం లేదు. నియామక పత్రంలో జీతం ఎంతని చూసేముందు, అద్దె, రాకపోకల ఖర్చు పోగా నెలాఖరుకు మిగిలేదెంతని కాగితం మీద రాసుకున్న తర్వాతే సామాను సర్దుకోవడం మేలు.