లింక్ పెడితే లక్షలు వస్తాయా..? అఫిలియేట్ సంపాదనలో అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?

‘ఫోన్ ఉంటే చాలు.. ఇంట్లో కూర్చుని నెలకు 50 వేలు’. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసేవారికి, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉన్నవారికి ఈ మాట కొత్త కాదు. డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్లు, పిల్లల్ని స్కూలుకు పంపాక కాస్త ఖాళీ దొరికే గృహిణులు, జీతం చాలని చిరుద్యోగులు.. ఈ ప్రకటనల గురి వీళ్లే. వీటిలో ఎక్కువగా వినిపించే పేరు అఫిలియేట్ మార్కెటింగ్. ఇది పూర్తిగా మోసమా అంటే కాదు. చెప్పినంత తేలిగ్గా డబ్బులొస్తాయా అంటే అదీ కాదు. పైగా ఇదే పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీసు కేసుల దాకా వెళ్లిన వ్యవహారాలూ ఉన్నాయి. అసలు ఇందులో సంపాదన ఎలా వస్తుంది? ఎక్కడ గీత దాటుతోంది?

పని పాతదే.. పద్ధతి కొత్తది

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ సరుకు పండించడు, కొనడు. అమ్మకం జరిగితే తన కమీషన్ తాను తీసుకుంటాడు. అఫిలియేట్ మార్కెటింగ్ కూడా దాదాపు అంతే. ఓ ఆన్‌లైన్ షాపు వస్తువుకు సంబంధించిన లింక్‌ను తన యూట్యూబ్ వీడియో కిందో, వాట్సాప్ గ్రూపులోనో పెడతారు. ఎవరైనా ఆ లింక్ నొక్కి వస్తువు కొంటే, అమ్మకంలో కొంత శాతం లింక్ పెట్టిన వ్యక్తికి వస్తుంది. కొనేవారికి ధర పెరగదు. కంపెనీ తన ప్రకటనల ఖర్చులోంచే ఈ కమీషన్ ఇస్తుంది.

అమెజాన్ ఈ పద్ధతిని 1996లోనే అమెరికాలో మొదలుపెట్టింది. ఇప్పుడు చిన్నా పెద్దా కంపెనీలకూ, లింకులు పెట్టేవారికీ మధ్య నెట్‌వర్క్‌లు పనిచేస్తున్నాయి. ఒక్క నెట్‌వర్క్‌లో చేరితే పదుల కంపెనీల లింకులు ఒకే చోట దొరుకుతాయి. అమ్మకాల లెక్క చూడటం, చెల్లింపులు చేయడం నెట్‌వర్క్ పని. అందుకు అది తన వాటా తాను తీసుకుంటుంది. 2024 అక్టోబర్‌లో యూట్యూబ్ కూడా ఫ్లిప్‌కార్ట్, మింత్రాలతో కలిసి భారత్‌లో షాపింగ్ అఫిలియేట్ ప్రోగ్రామ్ తెచ్చింది. మొదలైనప్పుడు 10 వేలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్న ఛానళ్లకు అవకాశం ఇచ్చింది.

లింక్ నొక్కగానే ఆ వ్యక్తి ఎవరి ద్వారా వచ్చాడో గుర్తుపెట్టుకునే చిన్న ఫైల్ బ్రౌజర్‌లో పడుతుంది. దాన్నే కుకీ అంటారు. దానికి గడువు ఉంటుంది. అమెజాన్‌లో ఇది సాధారణంగా 24 గంటలు. ఈ రోజు లింక్ నొక్కి, నాలుగు రోజులు ఆలోచించి నేరుగా యాప్‌లోకి వెళ్లి కొంటే లింక్ పెట్టిన వ్యక్తికి పైసా రాదు. కొన్న వస్తువు రిటర్న్ అయితే కమీషన్ కూడా వెనక్కి పోతుంది. సొంత లింక్‌తో తానే కొనుక్కున్నా లెక్కలోకి రాదు.

రూ.15 వేలు రావాలంటే..?

ఓ లెక్క వేసి చూద్దాం. వెయ్యి రూపాయల వస్తువు మీద 5 శాతం కమీషన్ అనుకుంటే ఒక్క అమ్మకానికి వచ్చేది 50 రూపాయలు. నెలకు 15 వేలు రావాలంటే 300 అమ్మకాలు నిలబడాలి. ఐదింట ఒకటి రిటర్న్ అవుతుందనుకుంటే 375 ఆర్డర్లు పడాలి. లింక్ నొక్కిన వంద మందిలో ముగ్గురు కొంటారనుకుంటే 12,500 క్లిక్‌లు కావాలి. వీడియో చూసిన వంద మందిలో నలుగురు లింక్ నొక్కుతారనుకుంటే.. నెలకు 3 లక్షలకు పైగా వ్యూస్ రావాలి. అదీ ప్రతి నెలా!

ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. ఛానల్‌ను బట్టి, వస్తువును బట్టి మారతాయి. కానీ ‘రోజుకు గంట పని.. నెలకు 50 వేలు’ అనే ప్రకటనల్లో ఈ లెక్క ఎక్కడా కనిపించదు. పైగా జనం ఎక్కువగా వెతికే మొబైల్ ఫోన్ల మీద కమీషన్ తక్కువ. 12 వేల ఫోన్ మీద 1 శాతం వస్తే 120 రూపాయలు. అంటే 15 వేల కోసం 125 ఫోన్లు అమ్మిపెట్టాలి. ఊళ్లో మొబైల్ షాపు నడిపేవారికైనా అది చిన్న సంఖ్య కాదు.

మరి ఎవరికీ రావడం లేదా? వస్తున్నాయి. ఒక విషయం మీద ఏళ్ల తరబడి వీడియోలు చేస్తూ, ‘వీళ్లు బాగుందంటే బాగుంటుంది’ అన్న నమ్మకం తెచ్చుకున్నవారికి వస్తున్నాయి. మిక్సీలు, వ్యవసాయ పనిముట్లు, కెమెరాలు, పోటీ పరీక్షల పుస్తకాలు.. విషయం ఏదైనా సరే, చూసేవాళ్లు కొనే ఉద్దేశంతో వచ్చినవాళ్లయితే తక్కువ వ్యూస్‌కే ఎక్కువ అమ్మకాలు ఉంటాయి. కానీ మొదటి నెలల్లో చాలామందికి చేతికొచ్చేది సున్నా. అమెజాన్ ప్రోగ్రామ్‌లో చేరిన 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలైనా రాకపోతే ఖాతానే మూసేస్తారు. ఈ నిబంధన ఉందంటేనే ఎంతోమంది ఆ మూడు దగ్గరే ఆగిపోతారని అర్థం చేసుకోవచ్చు.

రేటు వాళ్ల చేతిలో

ఇంకో సమస్య ఉంది. కష్టపడి వీడియోలు చేసేది ఒకరైతే, ఎంత ఇవ్వాలో నిర్ణయించేది మరొకరు. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కమీషన్లు కోసేసింది. ఫర్నిచర్, ఇంటి సామగ్రి మీద 8 శాతం ఉన్నది 3 శాతానికి, కిరాణా మీద 5 శాతం ఉన్నది 1 శాతానికి దిగింది. లాక్‌డౌన్‌లో జనమంతా ఆన్‌లైన్‌లో కొంటున్న సమయమది. ప్రకటించిన వారం రోజులకే కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. ఆ ఆదాయం మీదే వెబ్‌సైట్లు నడుపుతున్నవారు అడగడానికి ఏమీ లేకపోయింది. ఒప్పందం అలాగే ఉంటుంది మరి.

2024 డిసెంబర్‌లో ‘హనీ’ వివాదం బయటికొచ్చింది. కొనేటప్పుడు కూపన్లు వెతికిపెట్టే ఈ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను పేపాల్ 2020లో సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. యూట్యూబర్ల లింక్ ద్వారా వచ్చిన కొనుగోలుదారు బిల్లు కట్టే సమయంలో, వారి కోడ్ స్థానంలో హనీ తన కోడ్ పెట్టుకుంటోందని ఓ యూట్యూబర్ ఆరోపించారు. చివరి క్లిక్ ఎవరిదైతే కమీషన్ వారికే అన్నది ఈ రంగంలో నడుస్తున్న పద్ధతి. తాము ఆ నిబంధనల ప్రకారమే నడుచుకున్నామని పేపాల్ చెప్పింది. అమెరికాలో క్రియేటర్లు కోర్టుకెక్కారు. 2025 మార్చిలో గూగుల్ కూడా క్రోమ్ ఎక్స్‌టెన్షన్లకు నిబంధనలు బిగించింది. వినియోగదారుకు నేరుగా ప్రయోజనం లేకుండా అఫిలియేట్ కోడ్ చొప్పించకూడదని తేల్చింది. ఎవరో కష్టపడి తెచ్చిన గిరాకీని చివరి నిమిషంలో ఇంకొకరు తమ ఖాతాలో వేసుకోవడం ఇందులో సాధ్యమేనని ఈ గొడవతో లోకానికి తెలిసింది.

ఎక్కువ కమీషన్ ఎక్కడుంటే..

బట్టలు, ఇయర్‌ఫోన్ల మీద వచ్చేది పదులు, వందలు. అలాంటప్పుడు వేలల్లో కమీషన్ ఇస్తామంటూ వచ్చే మెసేజ్ సహజంగానే ఆకర్షిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఇన్‌ఫ్లుయెన్సర్లు జారిపడింది ఇక్కడే. ఆ మెసేజ్‌లు పంపింది బెట్టింగ్ యాప్‌లు.

బెట్టింగ్ కంపెనీల అఫిలియేట్ ఒప్పందాల్లో రెండు రకాలు ఎక్కువ. ఒకటి, లింక్ ద్వారా చేరి డబ్బు వేసిన ఒక్కొక్కరికీ ఇంత అని ఇవ్వడం. రెండోది, ఆదాయంలో వాటా. రెండోది వినడానికి మామూలు వ్యాపారంలాగే ఉంటుంది. కానీ బెట్టింగ్ కంపెనీ ఆదాయమంటే ఆడేవాళ్లు పోగొట్టుకున్న డబ్బే. అంటే లింక్ నొక్కి చేరిన కుర్రాడు ఎంత పోగొట్టుకుంటే, లింక్ పెట్టిన అన్నకు అంత ఎక్కువ వస్తుంది. ‘నేను ఆడి గెలిచాను, మీరూ ట్రై చేయండి’ అన్న మాట వెనుక ఉన్న లెక్క ఇదే.

తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలపై నిషేధం ఉంది. అయినా ప్రచారం ఆగలేదు. 2025 ఫిబ్రవరిలో విశాఖ పోలీసులు ఓ యూట్యూబర్‌ను అరెస్టు చేశారు. అప్పటి తెలంగాణ ఆర్టీసీ ఎండీ వీసీ సజ్జనార్ సోషల్ మీడియాలో బెట్టింగ్ యాప్‌ల ప్రమోషన్లపై వరుసగా ప్రచారం చేశారు. మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో ఇన్‌ఫ్లుయెన్సర్లు, సినీ నటులపై కేసులు నమోదయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. జులైలో ఈడీ కూడా రంగంలోకి దిగి పలువురికి సమన్లు ఇచ్చింది. ఆరోపణలు కోర్టులో తేలాల్సి ఉంది.

ఆ తర్వాత ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దీని ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన ఇచ్చినా రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా. ‘నేను లింక్ మాత్రమే పెట్టా’ అన్న సమాధానం ఇక చెల్లదు.

ఎదురు డబ్బులు అడిగితే..

అఫిలియేట్ పేరు వాడుకునే ఇంకో రకం ఉంది. ఇందులో అమ్మే వస్తువే ఉండదు. హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, వీడియోలకు లైక్ కొట్టండి, కమీషన్ ఇస్తాం అంటారు. మొదట రెండు మూడు వందలు నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద టాస్క్ కోసం ముందుగా డబ్బు కట్టమంటారు. స్క్రీన్ మీద లాభం లక్షల్లో కనిపిస్తుంది. తీసుకుందామంటే ట్యాక్స్ కట్టు, ఫీజు కట్టు అంటూ ఇంకా లాగుతారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకుని తొమ్మిది మందిని అరెస్టు చేశారు. ఆ మోసం విలువ రూ.712 కోట్లు. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్ర హోంశాఖ ఇలాంటి పార్ట్‌టైమ్ జాబ్ మోసాలకు వాడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను బ్లాక్ చేయించింది.

ఇక కోర్సుల గొలుసు. ‘అఫిలియేట్ మార్కెటింగ్ నేర్పిస్తాం’ అంటూ కొన్ని వేలకు ఓ కోర్సు అమ్ముతారు. కొన్నాక చేయాల్సిన పని ఏంటంటే.. అదే కోర్సును ఇంకొకరికి అమ్మడం. నేర్చుకున్న విద్యతో బయట సంపాదించేది లేదు. కొత్తగా చేరేవారి డబ్బే పాతవారికి కమీషన్. బావమరిది, పిన్ని కొడుకు, పాత క్లాస్‌మేట్.. వీళ్లంతా అయిపోయాక గొలుసు తెగుతుంది. డబ్బుతో పాటు బంధుత్వాలూ పోతాయి. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. డబ్బు చలామణీ పథకాలపై 1978 నుంచే చట్టం ఉంది.

నిజాయతీగా చేసేవారికీ నిబంధనలున్నాయి

సరైన దారిలో చేసేవారు కూడా రెండు విషయాలు మర్చిపోకూడదు. మొదటిది, చెప్పి చేయడం. కంపెనీతో డబ్బు సంబంధం ఉంటే ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా తెలియాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. తెలుగు వీడియో చేసి, డిస్క్రిప్షన్ అడుగున ఎక్కడో ఇంగ్లిష్‌లో ఓ ముక్క రాస్తే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

రెండోది పన్ను. 2025 ఏప్రిల్ నుంచి కమీషన్ ఏడాదికి రూ.20 వేలు దాటితే 2 శాతం టీడీఎస్ కోస్తారు. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేనివారు రిటర్న్ దాఖలు చేస్తే కోసింది వెనక్కి వస్తుంది. ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

చేరే ముందు ఒక్క ప్రశ్న

ఎవరైనా ఈ పని చూపించినప్పుడు అడగాల్సింది ‘ఎంత వస్తుంది’ అని కాదు. ‘ఎవరి దగ్గర్నుంచి వస్తుంది’ అని. కొనేవారికి వస్తువు అంది, కంపెనీ తన లాభంలోంచి ఇస్తే అది కమీషన్. లింక్ నొక్కినవారు పోగొట్టుకున్నదాంట్లోంచి వస్తే అది జూదంలో వాటా. కొత్తగా చేరినవారు కట్టిన డబ్బులోంచి వస్తే అది గొలుసు మోసం. అసలైన అఫిలియేట్ ప్రోగ్రామ్ చేరడానికి డబ్బు అడగదు. అమెజాన్‌లో చేరడం ఉచితమే. ముందుగా ఎంతో కొంత కట్టమన్నారంటే అక్కడే ఆగిపోవాలి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోవాల్సిన పని లేదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆ ఖాతాలను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ.