తగ్గిన వ్యాధికి మందు దేనికి?

ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. దాని సారాంశం ఇది. ఆమె మామగారికి పెద్దపేగు క్యాన్సర్ సోకి, కాలేయానికి కూడా పాకింది. కొన్ని నెలల కీమోథెరపీ అనంతరం స్కానింగులో గడ్డలు చిన్నవయ్యాయని తెలిసి ఇంటిల్లిపాదీ అల్లాహ్‌కు కృతజ్ఞతలు అర్పించుకొన్నారు. అంతలోనే డాక్టరు గారు, ఇకపై మూడు వారాలకొకసారి ఒక ఇంజెక్షను, దానితోపాటు మాత్రలు కొనసాగించాలని అన్నారు. ఎన్నాళ్లని అడిగితే, పనిచేసినన్నాళ్లు అని సమాధానం. తగ్గిన జబ్బుకు అప్పు చేసి మందు పోయడమెందుకు, ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నదని బావగారి వాదన. మందు మానితే తండ్రిని మనమే పోగొట్టుకొన్న పాపం చుట్టుకొంటుందని ఆడబిడ్డ భయం. మామగారికి మాత్రం జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. రమజాన్ ఉపవాసాలన్నీ పాటిస్తానని ఆయన పట్టుబడుతున్నారు. ఏది ధర్మం?

సోదరీ! ముందుగా ఆ మందు చేసే పనేమిటో తెలుసుకోవాలి. విషయం తెలియకుండా చెప్పే ధర్మసమాధానం గురి చూడకుండా వేసిన బాణం వంటిది.

పేగులో పుట్టిన క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకినప్పుడు తొలుత బలమైన మందులు కలిపి ఇస్తారు. వాటిలో ఆక్సాలిప్లాటిన్ అనేది గడ్డలను బాగా కరిగిస్తుంది గాని, ఎక్కువ కాలం వాడితే కాళ్లు చేతుల నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. అందువల్ల వ్యాధి అదుపులోకి వచ్చాక దానిని ఆపి, దేహం ఓర్చుకోగల తేలిక మందులను కొనసాగిస్తారు. దీనినే మెయింటెనెన్స్ థెరపీ అంటున్నారు. ఇందులో తరచుగా కేపిసిటాబిన్ మాత్రలు, బెవాసిజుమాబ్ ఇంజెక్షను ఉంటాయి. గడ్డ తనకు ఆహారం అందడానికి కొత్త రక్తనాళాలను మొలిపించుకొంటుంది. బెవాసిజుమాబ్ ఆ మొలకను అడ్డుకొంటుంది. ఇటువంటి గురిచూసి కొట్టే మందులలోనే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనేవి కూడా ఉన్నాయి. అవి గడ్డలోని ‘రాస్’ జన్యువులలో మార్పు లేనివారికే పనికివస్తాయి. కనుక పరీక్ష చేయకుండా వాటిని ఇవ్వరు.

స్కానింగులో గడ్డలు తగ్గాయంటే వ్యాధి వేరుతో పోయిందని అర్థం కాదు. అది అణగి ఉన్నది. ఈ చికిత్స సాధారణంగా దానిని అణచి ఉంచడానికే గాని నిర్మూలించడానికి కాదు. నెదర్లాండ్స్‌లో 558 మంది రోగులతో జరిగిన కైరో-3 అనే పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. తొలి చికిత్స తర్వాత మందు ఆపి పరిశీలనలో ఉంచిన వారిలో సగం మందికి సుమారు 4 నెలలకే వ్యాధి తిరిగి పెరిగింది. పై రెండు మందులూ కొనసాగించిన వారిలో ఆ గడువు సుమారు 8న్నర నెలలకు చేరింది. అయితే మొత్తం ఆయుష్షులో కనిపించిన తేడా ఖాయమని చెప్పగలిగినంతగా లేదు. మందు వాడిన వారిలో దాదాపు నలుగురిలో ఒకరికి అరచేతులు, అరికాళ్లు తీవ్రంగా మండి, తోలు ఊడే బాధ కలిగింది. అంటే లాభమూ ఉన్నది, భారమూ ఉన్నది. అందుకే కొందరు రోగుల విషయంలో కొంతకాలం మందు ఆపి, పరీక్షలు చేస్తూ గమనించడాన్ని కూడా వైద్యులు అంగీకరిస్తారు.

ఇక ధర్మం మాట. మందు తీసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమనే బావగారి వాదన సరికాదు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని ఉంచాడని, కనుక చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. ఒంటెను కట్టివేసి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్నదీ ఆయనే. ప్లేగు వ్యాపించిన సిరియాలోకి వెళ్లక హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగినప్పుడు, విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము ఒక విధి నుండి మరొక విధి వైపే పోతున్నామని ఖలీఫా బదులిచ్చారు. మందు కూడా ఆ విధిలోనిదే.

అయితే ఆడబిడ్డ భయం కూడా హద్దు దాటినదే. హనఫీ ధర్మవేత్తలు హానిని తొలగించే సాధనాలను మూడు తరగతులు చేశారు. ఈ విభజన ఫతావా ఆలంగీరీలో కనిపిస్తుంది. ఆకలికి అన్నం, దప్పికకు నీరు వంటివి నిశ్చిత సాధనాలు. ప్రాణభయం ఉన్నప్పుడు వాటిని విడిచిపెట్టడం నిషిద్ధం. వైద్యుల ఔషధాలు ఫలితం లభించవచ్చునన్న బలమైన ఆశ గలవి. వాడటం మంచిది, వాడకపోయినా పాపం లేదు. మూడవవి కేవలం ఊహపై ఆధారపడినవి. ఈ చికిత్స రెండవ తరగతికి చెందుతుంది. కనుక వాడితే సున్నత్ బాటలో నడిచినట్లే. భారం భరించలేక రోగి తానుగా వద్దంటే, అతనిని గానీ కుటుంబాన్ని గానీ హంతకులని ఎవరూ నిందించరాదు.

రోగి తానుగా అన్నామే, అసలు ముడి అక్కడే ఉన్నది. నిర్ణయించవలసిన మనిషికే విషయం తెలియదు! బావగారు, ఆడబిడ్డ ఎవరి దేహం గురించి వాదించుకొంటున్నారు? ప్రేమతో దాచామంటారు. కాని ఆ పెద్దాయన తీర్చవలసిన అప్పులు ఉండవచ్చు, క్షమాపణ కోరవలసిన మనుషులు ఉండవచ్చు. వారసులు కాని వారికి, సత్కార్యాలకు తన ఆస్తిలో మూడవ వంతు దాకా వసియ్యత్ చేసే హక్కు ఆయనకు ఉన్నది. భార్యకు మహర్ బాకీ ఉంటే అది కూడా అప్పే. వ్యాధిని దాచడమంటే ఈ ద్వారాలన్నిటినీ మూసివేయడమే. ఒకేసారి పిడుగులా చెప్పనక్కరలేదు. ఆయన మనసు ఎరిగిన బిడ్డ, డాక్టరు గారి సమక్షంలో, ఆయన అడిగినంత మేరకు, ఆశను తుంచకుండా నిజం చెప్పాలి. రోగి వద్దకు వెళ్లినప్పుడు ధైర్యవచనాలు పలకడం సున్నత్. అబద్ధం పలకడం సున్నత్ కాదు.

ఉపవాసాల సంగతి. రోగికి సడలింపునిచ్చినవాడు స్వయంగా అల్లాహ్. అల్ బఖరా సూరాలో ఆ ఆదేశం స్పష్టంగా ఉన్నది. కేపిసిటాబిన్ మాత్రలు ఉదయం, సాయంత్రం భోజనం ముగిసిన అరగంట లోపల వేసుకోవాలి. దానివల్ల విరేచనాలు పట్టుకొంటే ఒంట్లో నీరు ఇంకి ప్రాణం మీదికి రావచ్చు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మందును సొంతంగా మార్చుకోరాదు. డాక్టరు గారు వద్దంటే ఉపవాసం మానాలి. కోలుకొనే ఆశ ఉంటే తర్వాత ఖజా చేయాలి. లేకపోతే రోజుకొక పేదకు రెండు పూటల భోజనం ఫిద్యాగా ఇవ్వాలి. ఫిద్యా ఇచ్చిన తర్వాత శక్తి తిరిగివస్తే ఖజా చేయవలసిందే. ఆపరేషనులో పొట్టకు సంచి అమర్చిన వారు నమాజు విడువనక్కరలేదు. ఆగకుండా మలం వస్తున్నవారు మాజూర్ల కోవలోకి వస్తారు. ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకొంటే చాలు.

మన ఇళ్లలో హిజామాకు ఆదరణ ఎక్కువ. బెవాసిజుమాబ్ రక్తపోటును పెంచుతుంది, రక్తస్రావానికి దారితీయవచ్చు, గాయాలను త్వరగా మాననివ్వదు. కనుక ఆ ఇంజెక్షను తీసుకొనేవారు హిజామా చేయించుకోవాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలి. కలోంజీ, తేనె వాడుతుంటే అదీ దాచకూడదు.

ఖర్చు విషయంలో ఒక మాట. బెవాసిజుమాబ్‌కు సమానమైన బయోసిమిలర్ మందులు మన దేశంలో తయారై, తక్కువ ధరకు లభిస్తున్నాయి. వాటి గురించి అడగడానికి సిగ్గుపడవద్దు. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ పథకం దేనికి వర్తిస్తుందో తెలుసుకోండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. రోగి జకాత్‌కు అర్హుడైతే చికిత్స కోసం అతనికి జకాత్ ఇవ్వవచ్చు. కొడుకులు, కూతుళ్లు మాత్రం తమ జకాత్‌ను తండ్రికి ఇవ్వరాదు. పేద తండ్రి పోషణ వారి సొంత బాధ్యత. సోదరీ, కోడలిగా మీ జకాత్‌ను మాత్రం అర్హుడైన మామగారికి ఇవ్వవచ్చు. వడ్డీ అప్పు జోలికి పోకముందే బంధువులు, మస్జిదు జమాఅత్ ముందుకు రావాలి. తలుపు తట్టేదాకా వేచి ఉండటం వారికి శోభించదు.

కొద్దిపాటిదైనా నిలకడగా సాగే ఆచరణే అల్లాహ్‌కు ప్రీతికరమని ప్రవక్త వారి బోధ. సేవ కూడా అటువంటిదే. మొదటి నెల ఇంటినిండా చేరే చుట్టాలు ఆరవ నెలలో కనిపించరు. మూడు వారాలకొకసారి ఆస్పత్రికి తోడు వెళ్లే మనిషి, మాత్రల వేళ గుర్తుచేసే మనిషి, అరికాళ్లకు లేపనం రాసే మనిషి ఆ ఇంటికి కావాలి. బావగారూ, ఆడబిడ్డా వంతులు వేసుకొని ఆ పని చేస్తే వారి వాదన సగం అక్కడే తీరిపోతుంది. మిగతా సగం పెద్దాయన తీరుస్తారు, ఆయనను అడిగితే.

అల్లాహ్ ఆయనకు, రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.