గోడ కెక్కిన నీలిపింగాణి

గోడకు తగిలించు పింగాణి పలకలును, చిత్రపు పళ్లెములును ఇప్పుడు హస్తకళా ప్రదర్శనములందు విరివిగా అమ్మకమునకు వచ్చుచున్నవి. వర్తకుడు చేతిపని యనును. వెల వినినచో గుండె గుభిల్లుమనును. ఆ మాట నిజమో కాదో, ఆ వెల న్యాయమో కాదో తెలియవలెనన్న వస్తువు పుట్టుక తెలియవలెను. జయపురపు నీలిపింగాణినే చూతము.

ఇందు కుమ్మరి బంకమట్టి లేదు. పలుగురాతి పిండి, గాజుపొడి, ముల్తానీ మట్టి, వెలిగారము, జిగురు నీటితో కలిపి ముద్ద చేయుదురు. ఈ ముద్దకు సాగుడు తక్కువ. కావున చపాతివలె అదిమి, అచ్చులందు ఒత్తుదురు. ఆఱిన పిదప నునుపుచేసి, తెల్లపూత పూసి, కుంచెతో తీగెలు, పూవులు, పక్షులు వ్రాయుదురు. వ్రాయునప్పుడు నీలిమ కనబడదు సుమా! కోబాల్టు రంగు నల్లని బూడిదవన్నెతో నుండును. నిప్పు సోకినగాని నీలము కాదు. చిత్రకారుడు కానరాని రంగును మనసున చూచుచు వ్రాయవలసినదే. పిమ్మట గాజుపూత పట్టించి, ఆవమున ఒక్కమాఱే, సుమారు 800 మొదలు 850 డిగ్రీల వేడిమిలో కాల్తురు. ఆపై రెండుమూడు దినములు చల్లాఱనీయవలెను. తొందరపడి తెఱచినచో చలిగాలి తగిలి పలకలు పగులును. కూరలో ఉప్పెక్కువైనచో ఏదో యుపాయము చేయుదుము. ఇచట దిద్దుబాటు లేదు.

క్షీణించిన ఈ విద్యను ఇరువదవ శతాబ్దమున మరల నిలిపినవారిలో కృపాల్‌సింగ్ షెఖావత్ (1922–2008) ముఖ్యుడు. 1974లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

గాజుపూత పలకలు మన సీమకును క్రొత్త గావు. హైదరాబాదున మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన బాదుషాహీ ఆషుర్‌ఖానా గోడలపై నాలుగువందల యేండ్లనాటి పలకల పని నేటికిని మెఱయుచున్నది. 1908 మూసీ వఱదలో చెడిన భాగమును తరువాత రంగులు వేసి పూరించిరి.

ఇక బేరము మాట. ఆవమున పగిలిన పలకల కూలి ఎవరిచ్చెదరు? నిలిచినవాని వెలలోనుండియే రావలెను గదా! చెప్పిన వెలలో నాలుగవ వంతు కిమ్మని పట్టుబట్టుట మాకు సమ్మతము గాదు. అట్లని, అచ్చుబొమ్మ అతికించి కాల్చినదానికి చేతిపని వెల నిచ్చుటయు అవివేకమే. ఒకే బొమ్మగల రెండు పలకలు ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ప్రతి రేకును అచ్చుగుద్దినట్లున్నచో సందేహింపుడు. చేతి గీత ఒకచోట లావై, ఒకచోట సన్నగిలును. రంగు కొన్ని చోట్ల చిక్కనగును. ఈ యసమానతను లోపమని చూపి వెల తగ్గింప నడుగువారు కలరు. ఆ లోపమునకే గదా మనము రొక్క మిచ్చుట!

ఒక్క హెచ్చరిక. జయపురపు సంప్రదాయపు గాజుపూతలో సీసము కలియును. గోడపై నున్నంతవఱకు భయము లేదు. చుట్టములు వచ్చిరని ఆ పళ్లెమును దింపి పులిహోరయో, నిమ్మకాయ ఊరగాయయో వడ్డింపరాదు. పులుపు సీసమును కరగించును. అది పసివాండ్ర మెదడునకు మిక్కిలి కీడు. చింతపండుతో తోమకుడు, మెత్తని తడిగుడ్డతో తుడిచిన చాలును. పలక బరువునకు తగిన మేకు కొట్టించి, పిల్లల ఉయ్యాలకు ఎగువన మాత్రము తగిలింపకుడు.