మై తైలో అనాస ఎందుకు?

మై తై కాక్‌టెయిల్ అనగానే అనాస రసం, కాగితపు గొడుగు, ఎర్ర చెర్రీ గుర్తొస్తే ఆ తప్పు తాగేవాళ్లది కాదు, పోసిచ్చేవాళ్లది. 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో, తన ‘ట్రేడర్ విక్స్’ రెస్టారెంట్‌లో విక్టర్ బెర్జెరాన్ కలిపిన మై తైలో అనాస చుక్క కూడా లేదు. పదిహేడేళ్లు మాగిన జమైకా రమ్ము 60 మిల్లీలీటర్లు, ఒక నిమ్మకాయ రసం, నారింజ తొక్కల వాసన నిండిన కురసావ్ లిక్యూర్, బాదం షర్బత్, కాస్త పటికబెల్లం పాకం. అంతే. పులుపూ తీపీ రెండూ ఆ రమ్ముకు కొమ్ముకాయడానికే ఉన్నాయి. తహితీ నుంచి వచ్చిన స్నేహితురాలు రుచి చూసి, ‘చాలా బాగుంది’ అని అక్కడి భాషలో అన్న మాటే పేరైందని బెర్జెరాన్ చెప్పుకున్నాడు. ఆ పానీయానికి మూలం తనదేనని మరో బార్ యజమాని డాన్ బీచ్ వాదించాడు గానీ, ఆయన చూపిన తయారీ విధానంలో గ్రేప్‌ఫ్రూట్ రసం ఉంది. నాలుకకు అది వేరే పానీయం. అందుకే నేను బెర్జెరాన్ పక్షం. ఆ పాత రమ్ము నిల్వలు అయిపోయాక ఆయన జమైకా రమ్మునూ మార్టినీక్ రమ్మునూ జతచేశాడు. పోయిన రుచిని వెతుక్కుంటూ చేసిన ఆ మార్పంటే నాకు గౌరవం. 1953లో హవాయి హోటళ్లకు చేరాక మాత్రం అనాస, నారింజ రసాలు వచ్చిపడ్డాయి, రమ్ము వాటి అడుగున మునిగిపోయింది. ఆ చల్లటి పళ్లరసం సముద్రపుటొడ్డున హాయిగానే ఉంటుంది, కాదనను. దానికి ఇంకో పేరు పెట్టమనే నా కోరిక.