బడిపంతులు చేతి కొత్త పలక

ముప్పదేండ్లకో నలువదేండ్లకో ఒకమారు విశాఖపట్టణం ముఖం మారుతూ ఉంటుంది. 1933 డిసెంబరు 19న నాటి వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు ఇక్కడి రేవును ప్రారంభించినాడు. 1948 మార్చి 14న ఈ తీరాన తయారైన 'జల ఉష' అనే ఓడకు జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించినారు. ఎన్నో పోరాటాల ఫలంగా 1971లో పునాదిరాయి పడిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైనది. ఇక 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ఒక ప్రకటన చేసినది. అయిదేండ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధకు ఒక మహాకేంద్రాన్ని ఇక్కడ నెలకొల్పుతామనీ, సముద్రగర్భం గుండా విదేశాల నుండి వచ్చే కేబుళ్లు కూడా ఈ తీరాన ఒడ్డు చేరుతాయనీ ఆ ప్రకటన సారాంశం.

ఈ వార్త విని సంతోషించినవారు ఉన్నారు. అంత నీరు, అంత విద్యుత్తు ఎక్కడి నుండి వస్తాయని సందేహించినవారూ ఉన్నారు. ఆ వివాదం నా బోటి తెలుగు పంతులు తేల్చగలిగినది కాదు. నాకు తోచిన ప్రశ్న చాలా చిన్నది. సముద్రం అడుగున వేల మైళ్లు నడిచి వచ్చే ఆ తీగె, ఒడ్డుకు కూతవేటు దూరాన ఉన్న ప్రాథమిక పాఠశాలలోకి ఎట్లా ప్రవేశిస్తుంది? ప్రవేశించి, అక్కడి ఉపాధ్యాయుని చేతిలో ఏమవుతుంది?

సామగ్రి రాలేదని ఎవరూ అనలేరు. 2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వం 'దీక్ష' అనే వేదికను ఉపాధ్యాయుల కోసం అంతర్జాలంలో తెరిచినది. పాఠ్యపుస్తకాల పుటల మీద క్యూఆర్ గుర్తులు వెలసినవి. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు వచ్చినవి. ఆ సంవత్సరమే 'నిష్ఠ' అనే శిక్షణ సెల్‌ఫోనులోనే సాగినది. 2023 నుండి మన రాష్ట్రంలో ఎన్నో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు, పై తరగతులకు వేలితో తాకి వ్రాయదగిన ప్యానెళ్లు చేరినవి. నల్లబల్ల ప్రక్కన తెర నిలిచినది. కాని తెర వచ్చుట వేరు, తెర మీద పాఠం చెప్పుట వచ్చుట వేరు.

చాలా ఏండ్ల క్రిందట నా వద్ద డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు పాతనగరంలో, చేపలరేవుకు దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, మాటల మధ్య తన బాధ చెప్పుకున్నది.

"మాష్టారూ, పదిహేడేండ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ టీవీ ముందు నిలబడితే మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరినదానిలా చేతులు వణుకుతున్నాయండీ. ఎక్కడ ఏది నొక్కాలో నాకంటె మూడో తరగతి పిల్లలకే బాగా తెలుసు. నవ్వుతారేమోనని బెరుకు."

"నవ్వనీ అమ్మా. నవ్విన తరువాత ఎట్లా నొక్కాలో వాళ్లనే అడుగు" అన్నాను. అంతకు మించిన సలహా ఇవ్వగల పరిజ్ఞానం నాకును లేదు.

రెండు మాసాల తరువాత ఆమె చెప్పిన వృత్తాంతమే ఈ వ్యాసానికి కారణం. రవాణా సాధనాల పాఠం చెప్పుతూ ఆమె అంతర్జాలంలో వెదకి ఏదో విదేశపు రేవును చూపినదట. ఆకాశాన్ని అంటే క్రేనులు, కొండలవంటి ఓడలు, వెనుక ఇంగ్లీషులో గబగబా వ్యాఖ్యానం. పిల్లలు నోరు తెరుచుకుని చూసినారు. మరునాడు అడిగితే ఒక్కరికీ ఒక్క ముక్క చెప్పరాలేదు. అప్పుడామె తెల్లవారుజామున సెల్‌ఫోను పట్టుకుని స్వయంగా చేపలరేవుకు వెళ్లినది. మరపడవలు, వలలు, మంచుగడ్డల బండ్లు, చేపల వేలంపాట, వీటిని ఫొటోలు తీసినది. ఒక్కొక్క బొమ్మ క్రింద ఒక్కొక్క తెలుగు వాక్యం వ్రాయవలెనని కూర్చున్నది. ఫోనులో తెలుగు టైపు చేయుట నేర్చుకొనడానికే మూడు రాత్రులు పట్టినదట.

ఆ బొమ్మలు తెర మీద పడినవి. ఒకదాని క్రింద 'చేప' అని ఉన్నది. వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "ఉట్టి చేప కాదు టీచర్, అది కానాగంత" అన్నాడు. "పక్కది వంజరం" అని మరొకడు. అంతవరకు నోరు మెదపని తరగతి ఒక్కసారిగా సంత అయినది. ఆమె వారినే పిలిచి పేర్లు సరిచేయించినది. 'కవళ్లు' అని వ్రాయబోతే ళకారానికి వత్తు ఎట్లా పెట్టాలో ఆమెకు తోచలేదు. అన్న ఫోనులో చూచి నేర్చిన ఒక చిన్నపిల్ల వచ్చి పెట్టి చూపినది. ఎవరూ నవ్వలేదు.

తరువాత లెక్కల గంట. మన తీరాన ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. అది ఎన్ని రోజులని ఆమె అడిగినది. ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14, వెరసి 61 అని బల్ల మీద కూడికవేసి చూపకమునుపే నలుగురు చెప్పినారు. ఆ లెక్క వారి ఇంటి పొయ్యికి ముందే తెలుసును.

ఈ కథలో గొప్ప సాంకేతిక విజయం ఏదీ లేదని నాకు తెలియకపోలేదు. ఒక సెల్‌ఫోను, పది ఫొటోలు, పది వాక్యాలు, అంతే. అయినా నా అభిప్రాయమంతా దీనిలోనే ఉన్నది. ఇతరులు చేసిన బొమ్మలను చూపేవాడుగా ఉన్నంతకాలం ఉపాధ్యాయుడు ఆ యంత్రానికి కాపలాదారు మాత్రమే. తన పిల్లల కోసం, తన భాషలో, తన ఊరి సంగతి దాని మీద వ్రాయగలిగిననాడే అది ఆయన చేతి పలక అవుతుంది. కాబట్టి ఉపాధ్యాయునికి మొదట నేర్పవలసినది చూపుట కాదు, వ్రాయుట.

అంతర్జాలంలోని వెబ్ పుట్టుక కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బర్నర్స్-లీ దానిని ప్రతిపాదించినాడు. 1990లో ఆయన తయారుచేసిన మొదటి బ్రౌజరులో పుటలను చదువుటకే గాక వ్రాయుటకు, సరిదిద్దుటకు కూడా ఏర్పాటు ఉన్నది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాధనాన్ని రుసుము లేకుండా లోకానికి విడిచిపెట్టినది. చదివేవాడే వ్రాసేవాడు కావలెననే ఉద్దేశంతో పుట్టినదానిని, మనం బడిలో కేవలం వెండితెరగా మార్చుకొనుట న్యాయమా?

మన భాషకు ఆ యోగ్యత లేదనుటకు వీలులేదు. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం దొరికినది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను జీతంబత్తెం లేని ఔత్సాహికులే వ్రాసి పెంచినారు. ఇట్లా ఉండగా నేటికీ ఒక పాఠశాలలో కూర్చిన తెలుగు ప్రశ్నపత్రం మరొక పాఠశాల కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలుగా కనబడుట మనం ఎరుగనిది కాదు. కారణం యంత్రదోషం కాదు; అచ్చుపనికై చేసిన పాత ఫాంట్లలో కూర్చి, యూనికోడ్‌లో కూర్చకపోవుటే. ఈ చిన్న సంగతి ఉపాధ్యాయునికి ఒక పూటలో చెప్పవచ్చును. నేనెరిగిన శిక్షణ తరగతులలో దీనిని చెప్పినవారు లేరు.

ఉపాధ్యాయుడు మళ్లీ విద్యార్థి కావలసి వచ్చెనే అని కొందరు చిన్నబుచ్చుకొంటున్నారు. కళింగాంధ్ర ఉపాధ్యాయునికి ఇది కొత్త ధర్మం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరినారు. ఉద్యోగం దొరికినదని చదువు చాలించలేదు. ముఖలింగ దేవాలయ శాసనాలను ముందు పెట్టుకుని ప్రాచీన లిపులను స్వయంగా నేర్చినారు. సవరల నోటి నుండి సవర భాష నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసినారు. 1907 ప్రాంతంలో పాఠశాలల అధికారి జె.ఏ. యేట్స్, విశాఖపట్టణంలోని ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు కలిసి తెలుగు బోధనను గురించి ఆలోచించినప్పుడు, పిల్లవాని నోటిమాటకు బడిలో చోటుండవలదా అనే ప్రశ్నయే వారి ముందున్నది. 'చేప కాదు, కానాగంత' అన్న కుర్రవాడు ఆ ప్రశ్ననే తెర ముందు నిలబడి మళ్లీ అడిగినాడు.

యంత్రాల మీదనే భారం వేసేవారికి మరొక పాత అనుభవం గుర్తుచేయవలసి ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఉపగ్రహం సాయంతో మనదేశంలో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారమైనవి. వానిలో తెలుగు పల్లెలు కూడా ఉన్నవి. ఆ కాలంలోనే వేలాది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో తరిఫీదు లభించినది. ఏడాది గడిచినది, అరువు ఉపగ్రహం మరలిపోయినది. పెట్టెలో బొమ్మ ఆగిపోయినా, ఉపాధ్యాయుడు నేర్చుకున్నది ఆయనతోనే ఉండిపోయినది. నేటి తెరలకైనా ఇదే న్యాయం వర్తిస్తుంది.

అసలు ఉపాధ్యాయుడే అక్కరలేదు, పిల్లలు తమంత తామే నేర్చుకొంటారని వాదించేవారు కలరు. 1999లో సుగత మిత్ర ఢిల్లీలో ఒక గోడకు కంప్యూటరు అమర్చి, పెద్దలెవరూ నేర్పకుండానే వాడపిల్లలు దానిని నడుపుట నేర్చిన సంగతిని లోకానికి చూపినారు. ఆ మాట నిజమే. కాని నడుపుట వేరు, నిజానిజాలు విడదీయుట వేరు. కృత్రిమ మేధ అడిగినదానికెల్లా తడుముకొనక జవాబు చెప్పే ఈ రోజులలో, 'ఈ మాట నీకెట్లా తెలిసినది? ఎవరు చూచినారు?' అని అడుగుట నేర్పేవారు మరింత అవసరం. 2023లో యునెస్కో ప్రకటించిన ప్రపంచ విద్యానివేదిక కూడా సాంకేతికత ఉపాధ్యాయునికి తోడు కావలెనే గాని ఆయన స్థానాన్ని ఆక్రమించరాదని హెచ్చరించినది.

అయితే ఉపాధ్యాయుని మీదనే నెపం వేసి ఊరకుండుట అన్యాయం. ఇన్నాళ్లుగా ఆయన ఫోనులోకి అంతర్జాలం ఏ రూపంలో వచ్చినది? హాజరు పంపుటకు, భోజనం ఫొటో పంపుటకు, మరుగుదొడ్డి ఫొటో పంపుటకు. 2022 నుండి ముఖం చూపి తన హాజరు తాను వేసుకొనుటకు. వానిలో కొన్ని తరువాత తగ్గించబడినవి, సంతోషం. కాని సంజాయిషీ చెప్పుకొనే సాధనంగా చేతికి వచ్చినదానిని పాఠం చెప్పే సాధనంగా ప్రేమించుట ఎవరికైనా కష్టమే. పరికరం కొనుటకు బడ్జెట్టులో పద్దు ఉన్నది. నేర్చుకొనుటకు కావలసిన తీరికకు పద్దు లేదు. ఆ అమ్మాయి వెచ్చించిన మూడు రాత్రులు ఆమె సొంతవి.

కాబట్టి నేను కోరేవి మూడే. వారానికి రెండు గంటలు, బడివేళలలోనే, ఉపాధ్యాయులు కలిసి కూర్చుని ఈ పని నేర్చుకొనే వ్యవధి ఇవ్వవలె. శిక్షణలో మొదటి పాఠం యూనికోడ్‌లో తెలుగు వ్రాయుట కావలె. ఒకరు చేసిన పాఠం మరొకరు తీసుకుని తమ ఊరికి తగినట్లు మార్చుకొనే వీలుండవలె. చేపలరేవు బడి పాఠాన్ని అరకులోయ బడివారు చూచి తమ కాఫీతోట మీద పాఠం వ్రాస్తే, కోట్లు పోసి కొన్న పాఠాలకంటె అది మిన్న.

పాత పలకను పారవేయుమని నేననుట లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను మోగలేదు. అట్టి దినాలలోనూ పాఠం సాగించగలవి బలపం, నల్లబల్ల, ఉపాధ్యాయుని గొంతు. చేతితో అక్షరం దిద్దని పిల్లవానికి తెర మీద అక్షరం నిలువదు. కొత్త పలక పాతదానికి తమ్ముడే గాని సవతి కాదు.

విద్యార్థులారా, మీ ఉపాధ్యాయుడు తెర ముందు తడబడితే నవ్వకండి. లేచి వెళ్లి చూపండి. ఆయన మీ ఎదుట నేర్చుకొనుటయే మీకు ఆయన చెప్పే గొప్ప పాఠం. ఉపాధ్యాయ మిత్రులారా, మీరు తడబడినందుకు సిగ్గుపడకండి. మొన్న ఆ అమ్మాయి నాకు ఫోనులో ఒక ఉత్తరం తెలుగులో వ్రాసి పంపినది. రెండు అక్షరదోషాలు ఉన్నవి. పాత అలవాటు కొద్దీ దిద్ది పంపుదామని కూర్చున్నాను. తీరా చూస్తే, ఫోనులో తెలుగు కొట్టుట నాకే చేతకాదు. ఆమెనే అడిగి నేర్చుకుంటున్నాను.